సంక్రాంతి సెలవుల్లో కేదార్‌కాంత వెన్ను ఎక్కడం: వాతావరణం తేలనప్పుడు ప్రణాళిక ఎలా వేసుకోవాలి

గుంటూరు నుంచి ఐదుగురు మిత్రులు సంక్రాంతి సెలవుల్లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంతకు వెళ్ళాలనుకుంటున్నారనీ, గుంపులు నడిచే దారి విడిచి పక్కనున్న రాళ్ళ వెన్ను (రెండు వాలులు పైన కలిసే సన్నని కొండ అంచు) మీదుగా, అవసరమైన చోట చేతులు కూడా వేసి ఎక్కి, మామూలు దారిన దిగాలన్నది మీ ఆలోచన అనీ రాశారు. ఒక యాప్ పదిహేనో తేదీన ఎండ అంటోంది, మరొకటి పద్నాలుగు రాత్రి నుంచే మంచు అంటోంది, రానూపోనూ టికెట్లు తీసేసుకున్నాము, వెళ్ళాలా మానుకోవాలా అన్నది మీ ప్రశ్న.

వెళ్ళండి. అయితే ‘పదిహేనున శిఖరం’ అన్న ఒక్క మాట మీద నిలిచే ప్రణాళికతో వెళ్ళకండి. వారం ముందు గుంటూరులో కూర్చుని, హిమాలయంలో ఫలానా ఉదయం కొండ వెన్ను మీద గాలి ఎలా వీస్తుందో తేల్చుకోవడం ఎవరి వల్లా కాదు. ఏ స్థితి ఉంటే ముందుకు కదులుతాము, ఏ స్థితిలో శిబిరంలోనే ఆగిపోతాము, దారిలో ఎక్కడెక్కడి నుంచి వెనక్కి తిరగవచ్చు అన్నవి మాత్రం ఇంట్లో ఉండగానే తేల్చుకోవచ్చు. ఐదుగురూ ఒప్పుకుని వాటిని కాగితం మీద పెట్టుకోవాలి. పక్క వెన్ను విషయంలో మాత్రం ఈసారి వద్దనే నేను చెబుతాను. దానికి కారణాలు ముందుకు వెళ్ళేకొద్దీ మీకే తెలుస్తాయి.

మొదట వాతావరణం సంగతి. మనకు చలికాలపు వానలు బంగాళాఖాతం నుంచి వస్తాయి కనుక, అల్పపీడనం ఎక్కడ ఏర్పడింది, ఎటు కదులుతోంది అని చూడటం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కేదార్‌కాంత ఉన్న గఢ్వాల్ కొండలకు చలికాలపు మంచు తెచ్చేవి వేరు. అవి మధ్యధరా సముద్రం వైపు పుట్టి, ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా పడమటి గాలుల వెంట వచ్చే పశ్చిమ అలజడులు, వార్తల్లో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అని వినిపించేవి. చలికాలంలో ఇవి నెలకు నాలుగైదు వస్తుంటాయి. ఒకటి వచ్చే ముందు ఆకాశంలో చాలా ఎత్తున పలుచటి తెల్లని మబ్బు పరుచుకుంటుంది, రాత్రి చలి కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. అది వచ్చాక ఒకటి రెండు రోజులు మంచు కురుస్తుంది. అది దాటిపోగానే ఆకాశం అద్దంలా తేటపడి, వాయవ్యం నుంచి కోసేసే చలిగాలి మొదలవుతుంది. అందువల్ల మీరు గమనించవలసింది పదిహేనో తేదీ బొమ్మ దగ్గర సూర్యుడున్నాడా మేఘం ఉందా అని కాదు. పన్నెండు నుంచి పదిహేడు దాకా ఎన్ని అలజడులు వస్తున్నాయి, వాటి మధ్య ఎంత వ్యవధి ఉంది అని. అయిదు రోజులకు మించిన సూచనను ఒక అంచనాగా మాత్రమే తీసుకోండి.

రెండు యాప్‌లు రెండు మాటలు చెప్పడానికి కారణం కూడా ఉంది. అవి వాడుకునే కంప్యూటర్ నమూనాలు భూమిని గడులుగా విడగొట్టి, ఒక్కొక్క గడికి ఒకే సగటు ఎత్తు తీసుకుంటాయి. యూరోపియన్ నమూనాలో గడి సుమారు 9 కిలోమీటర్లు, అమెరికన్ జీఎఫ్ఎస్‌లో సుమారు 13, మన దేశం 2025 మేలో మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో 6. మీరు బస చేసే సాంక్రీ గ్రామం సుమారు 1,950 మీటర్ల ఎత్తున ఉంది, శిఖరం 3,810 మీటర్ల ఎత్తున ఉంది. ఈ రెండూ ఒకే గడిలో పడిపోవచ్చు. అలాంటప్పుడు యాప్ చూపించే ఉష్ణోగ్రత లోయదీ కాదు, శిఖరానిదీ కాదు. కాబట్టి ఊరి పేరు కొట్టి చూడటం మానేసి, విండీ లాంటి వాతావరణ యాప్‌లలో ఎత్తును మార్చుకుని చూడండి. అందులో ఎత్తును గాలి ఒత్తిడితో చెబుతారు: 700 హెక్టోపాస్కల్ మట్టం సుమారు 3,000 మీటర్లది, 600 మట్టం సుమారు 4,200 మీటర్లది. మీ వెన్ను ఈ రెండింటి మధ్య ఉంది కనుక రెండూ చూసి, అందులో చెడ్డదాన్నే లెక్కలోకి తీసుకోండి. దీనితో పాటు డెహ్రాడూన్ వాతావరణ కేంద్రం ఉత్తరకాశీ జిల్లాకు ఇచ్చే పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలనూ, రక్షణ శాఖకు చెందిన డీజీఆర్ఈ సంస్థ ఇచ్చే హిమపాత హెచ్చరికలనూ రోజూ చూడాలి. హిమపాతం అంటే ఇక్కడ మంచు కురవడం కాదు, వాలు మీది మంచు ఒక్కసారిగా విరిగి జారిపడటం (అవలాంచ్). హిమపాత ప్రమాదాన్ని ఒకటి నుంచి అయిదు దాకా సంఖ్యలతో చెబుతారు. మూడు గానీ అంతకు పైన గానీ ఉంటే శిబిరం దాటి పైకి వెళ్ళకూడదన్నది నేను పాటించే నియమం.

చలి ఎంత ఉంటుందన్నది ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూడండి, ఎందుకంటే మన ఒంటికి ఆ అంచనా అందదు. సగటున ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత 6.5 డిగ్రీలు పడిపోతుంది. తెల్లవారుజామున సాంక్రీలో 2 డిగ్రీలు ఉంటే, అక్కడి నుంచి శిఖరానికి 1,860 మీటర్లు కనుక, పైన మైనస్ 10 ఉంటుంది. గాలి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వీస్తే ఆ మైనస్ 10 కాస్తా చర్మానికి మైనస్ 21లా తగులుతుంది. జనవరిలో గుంటూరు, విజయవాడలలో తెల్లవారుజామున పద్దెనిమిది డిగ్రీలుంటేనే మనం మఫ్లర్లు చుట్టుకుంటాము. వెన్ను ఎత్తులో గాలి 30 కిలోమీటర్ల లోపు ఉంటే కదలవచ్చు. 40 దాటుతుందని సూచన ఉంటే ఆ రోజు వెన్ను మీదికి పోకపోవడమే మంచిది. 60 దగ్గర మనిషి నిలదొక్కుకోవడమే కష్టం.

ఇక్కడ ఒక సంగతి నొక్కి చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వెళ్ళేవాళ్ళు ఎక్కువగా పొరబడేది దీని దగ్గరే. మంచు కురవడం ఆగి, ఎండ కాసిన మొదటి రోజు అన్నిటికన్నా ఆశ పెట్టే రోజు, అన్నిటికన్నా ప్రమాదమైన రోజు కూడా అదే. 2024 సెప్టెంబరు మొదట్లో మనం చూశాము కదా, వాన తగ్గుముఖం పట్టాకే బుడమేరు నీళ్ళు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తాయి, ఆకాశం తెరిపిచ్చినా రోజుల తరబడి నీరు తీయలేదు. కొండ మీద కొత్త మంచు కూడా అంతే. కురిసిన మంచును గాలి ఒక వైపు నుంచి ఎగరగొట్టి రెండో వైపు వాలులో మేట వేస్తుంది. ఆ మేట కింది పాత పొరకు అతుక్కోక ముందే మనిషి బరువు పడితే, పలక పలకగా విరిగి జారిపోతుంది. ఇలాంటి హిమపాతాలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే జరుగుతాయి, మనుషులు నడవడానికీ జారడానికీ సరదాపడే వాలు కూడా దాదాపు అదే. ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు మించి కొత్త మంచు పడితే, ఆకాశం ఎంత నీలంగా ఉన్నా రెండు రోజులు ఆగాలి. మీ యాప్‌లలో రెండోది చెప్పినట్టు పద్నాలుగు రాత్రి మంచు మొదలైతే, పదిహేనున ఎండ కాసినా మీరు శిబిరంలోనే ఉండాలి.

ఇక వెన్ను విషయం. కొండ వెన్ను మీద నడవడం వల్ల ఒక పెద్ద లాభం ఉంది: పై నుంచి మంచు వచ్చి మీద పడదు. అందుకే అనుభవజ్ఞులు చలికాలంలో లోయల కన్నా, వాగుల కన్నా వెన్నునే ఎంచుకుంటారు. కాని ఆ లాభం వెన్ను మీద ఉన్నంతసేపే. గాలి లేచి, మబ్బు కమ్మి, ఇక ముందుకు పోలేమనుకున్నప్పుడు మనిషి సహజంగా గాలి తగలని పక్కకు దిగిపోవాలని చూస్తాడు; ఆ పక్కనే గాలి తెచ్చిపోసిన మంచు మేట ఉంటుంది. అంటే వెన్ను మీది నుంచి తొందరపడి దిగడమంటే సరిగ్గా హిమపాతం జరిగే చోటికి నడిచి వెళ్ళడమే. అందుకని వెన్ను ఎక్కే ముందు, పటంలో ఎత్తు గీతలు చూసి, ఎక్కడెక్కడ 30 డిగ్రీల లోపు వాలుతో చెట్లలోకి దిగే వీలుందో గుర్తు పెట్టుకోవాలి. అలాంటి చోట్లు రెండైనా కనిపించని వెన్నును అనిశ్చిత వాతావరణంలో ఎక్కకూడదు. మరో సంగతి, వెన్ను అంచున గాలి తగలని వైపుకు మంచు చూరులా బయటికి పెరిగి ఉంటుంది. పై నుంచి చూస్తే అది గట్టి నేలలాగే కనిపిస్తుంది, కింద మాత్రం ఏమీ ఉండదు. అక్కడ ప్రధానమైన గాలి పడమటి, వాయవ్య దిశలది కనుక ఈ చూరు ఎక్కువగా తూర్పు, ఆగ్నేయ వైపు పెరుగుతుంది. ఫోటో కోసమైనా సరే అంచుకు వెళ్ళకండి; అంచుకు బాగా ఇవతల, గాలి వచ్చే వైపునే నడవండి.

రాళ్ళు పట్టుకుని ఎక్కడంలో మీ అనుభవం కొండవీడు, భువనగిరి అని రాశారు. భువనగిరి బండ మంచి బడి. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014లో ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు తొలి పాఠాలు నేర్చుకున్నది అక్కడే. కాని అక్కడి పొడి రాయి నేర్పేది చేతి పట్టునూ కాలి నిలకడనూ మాత్రమే. చలికాలపు హిమాలయంలో అదే రాయి మీద కంటికి కనిపించనంత పలుచటి మంచు పెంకు ఉండవచ్చు, మెత్తటి మంచు కింద నున్నటి పలక దాగి ఉండవచ్చు, గడ్డకట్టిన మట్టి పట్టి ఉంచడం వల్ల గట్టిగా ఉన్నట్టు అనిపించిన బండ ఎండ తగలగానే ఊడి రావచ్చు. పట్టు దొరికిన వెంటనే బరువు వేయకుండా, ముందు అరచేత్తో కొట్టి, లాగి చూసి, రెండు చేతులు, రెండు కాళ్ళు అనే నాలుగు ఆధారాల్లో మూడింటిని ఎప్పుడూ వదలకుండా ఒక్కొక్కటే మార్చుకోవాలి. ఇవన్నీ మందపాటి చేతి తొడుగులతో చేయాలి. ఎక్కడం కన్నా దిగడం కష్టం. దిగేటప్పుడు కాలు పెట్టే చోటు కనబడదు. తిరిగి దిగలేనని అనిపించిన మెట్టును ఎక్కకూడదు. మీరు పంపిన జీపీఎస్ గీత ఎవరో ఎండాకాలంలో నడిచినది కావచ్చు, అది మీకు దారిని చూపుతుందే గాని ఆ రోజు రాయి ఎలా ఉందో చెప్పదు. మీ ఐదుగురిలో ఎవరికీ ఐస్ యాక్స్‌తో (మంచు గొడ్డలితో) జారుడును ఆపుకోవడం రాదు, ఎవరూ క్రాంపాన్లతో (బూట్లకు కట్టుకునే పొడవాటి ఇనుప ముళ్ళతో) నడవలేదు. బూట్లకు తగిలించుకునే చిన్న ముళ్ళ గొలుసులు, అంటే మైక్రోస్పైకులు, నలిగిన బాట మీదే పనికొస్తాయి, నిటారు మంచు పెంకు మీద వాటికి పట్టు చిక్కదు. పక్క వెన్ను వద్దనడానికి నా కారణాలివే. మామూలు దారి చివరి భాగం కూడా నిటారు మంచు వాలే, వెన్నే. మొదటిసారికి అది తక్కువేమీ కాదు. నిజంగా రాళ్ళ వెన్నులు ఎక్కాలన్న కోరిక ఉంటే ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో గానీ డార్జిలింగ్‌లోని హిమాలయన్ సంస్థలో గానీ 28 రోజుల ప్రాథమిక కోర్సు చేసి వెళ్ళండి. ఆ నెల రోజులు పెట్టినవాళ్ళెవరూ బాధపడగా నేను చూడలేదు.

ఇప్పుడు తేదీల సంగతి. మీ ప్రణాళికలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది తిరుగు టికెట్. విజయవాడ నుంచి ఢిల్లీకి రైల్లో ఒక పగలూ రాత్రీ దాటుతుంది, జనవరి పొగమంచులో ఉత్తరాది రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. డెహ్రాడూన్ నుంచి మోరీ మీదుగా సాంక్రీకి దాదాపు 200 కిలోమీటర్ల కొండదారి ఒక రోజంతా తీసుకుంటుంది. మీరు శిఖరం దిగిన మర్నాడే డెహ్రాడూన్ రైలు పెట్టుకున్నారు. దీనివల్ల జరిగేది ఏమిటంటే, పదిహేను తెల్లవారుజామున గాలి హోరుమంటున్నా, ‘ఇంత ఖర్చు పెట్టి ఇంత దూరం వచ్చాము కదా’ అనే మాట ఎవరో ఒకరి నోటి నుంచి వస్తుంది, మిగతావాళ్ళు మొహమాటానికి తలూపుతారు. ఆ మాట రాకుండా చేయాలంటే తిరుగు టికెట్‌ను రెండు రోజుల తరువాతికి మార్చుకోండి. రద్దు చార్జీలు పోతే పోనివ్వండి. ఆ రెండు రోజుల్లో ఒకదాన్ని దారిలోని జూడా కా తలాబ్ అనే చెరువు దగ్గర గానీ పై శిబిరంలో గానీ గడిపితే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదంటారు, మీ పట్టికలో అది మించింది. తలనొప్పికి తోడు వాంతులు, అడుగు తడబడటం మొదలైతే మందుల కోసం వెతకకుండా ఆ మనిషిని వెంటనే కిందికి దించాలి.

శిఖరం రోజున అందరూ సూర్యోదయం చూడాలని రాత్రి రెండు మూడు గంటలకే బయలుదేరుతారు. వాతావరణం స్థిరంగా ఉన్నప్పుడు అది బాగుంటుంది. మీరు మాత్రం వెన్ను మొదలయ్యే చోటికి చేరేసరికి వెలుతురు వచ్చేటట్టు లెక్క వేసుకుని బయలుదేరండి. పొద్దుపొడుపుకు ముందు చలి ఎక్కువ, పైగా చీకట్లో మబ్బు ఎటు నుంచి వస్తోందో కనిపించదు. ఉదయం 11 గంటలకు ఎక్కడ ఉన్నా సరే, శిఖరం నలభై అడుగుల దూరంలో కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగాలి. ఐదుగురిలో ఏ ఒక్కరు ‘చాలు’ అన్నా అందరూ తిరగాలి, ఎందుకని అడగకూడదు. ఈ నియమం మీద ముందే మాట తీసుకోండి. సాధారణంగా ఆ మాట అనడానికి అందరికన్నా వెనుక నడిచే మనిషే సంకోచిస్తాడు, అతని స్థితే అందరికన్నా ముందు తెలియవలసింది.

2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోనే సహస్రతాల్‌కు వెళ్ళిన కర్ణాటక బృందం, స్థానిక గైడ్లతో కలిపి 22 మంది, తిరుగుదారిలో మంచు తుఫానులో చిక్కుకుంటే తొమ్మిది మంది చనిపోయారు. అది జూన్, వారి వెంట గైడ్లూ ఉన్నారు. మన నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మనిషి. 2015 మార్చిలో ఆండీస్‌లో ఒంటరిగా ఎక్కుతూ వాతావరణం వికటించి కన్నుమూశారు. మిమ్మల్ని భయపెట్టడానికి ఇవి చెప్పడం లేదు. అంతటి అనుభవానికీ సాధ్యం కానిది మన ఉత్సాహానికి సాధ్యమవుతుందని ఎవరూ అనుకోకూడదని చెబుతున్నాను.

బట్టల విషయం ఎక్కువ చెప్పను, దాని మీద సమాచారం దొరుకుతుంది. నూలు బనియన్లు, జీన్స్ ఇంట్లో వదిలేయండి. చెమటకు తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల పలుచటి చేతి తొడుగులు, వాటి మీద మందపాటివి వేసుకుంటే బూటు లేసు కట్టుకోవడానికి వట్టి చేతులు బయట పెట్టవలసిన పని ఉండదు. సీసాలో నీళ్ళు పై నుంచి గడ్డకడతాయి కనుక సీసాను తలకిందులుగా పెట్టుకుంటే మూత దగ్గర నీరు మిగులుతుంది. పల్లీ చిక్కీ ఆ చలికి పంటికి లొంగదు, ఇంట్లోనే చిన్న ముక్కలు కొట్టి జేబులో వేసుకోండి. పండగ అరిసెలు, నువ్వుండలు అక్కడ బాగా పనికొస్తాయి. ఒకరినొకరు గమనించుకోండి: జిప్పు లాగలేకపోవడం, మాట ముద్దగా రావడం, ఊరికే కూర్చుండిపోవడం ఒళ్ళు చల్లబడుతోందనడానికి గుర్తులు; వణుకు ఆగిపోయిందంటే నయమైనట్టు కాదు, ముదిరినట్టు. గదిలో గానీ గుడారంలో గానీ బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోకండి, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది.

బయలుదేరేలోగా మిగిలిన రోజుల్లో మంగళగిరి పానకాల స్వామి మెట్లు బరువైన సంచీతో ఎక్కి దిగండి. దిగేటప్పుడు మోకాళ్ళు ఎలా ఉన్నాయో గమనించండి. సాంక్రీలో నమోదైన స్థానిక గైడ్‌ను తప్పనిసరిగా పెట్టుకోండి. ఆ వారం మంచు ఎలా పడింది, ఏ వాలు జారింది అన్నది అక్కడి మనుషులకే తెలుస్తుంది. అతను వద్దంటే మీ కాగితం మీద ఏమి రాసి ఉన్నా వద్దనే లెక్క. శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ సందేశ పరికరాలు అనుమతి లేకుండా మన దేశంలో వాడటం నేరం, ఆన్‌లైన్‌లో కనిపించిందని కొని తీసుకెళ్ళకండి. సాంక్రీ దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోలేరు. అందుకని గుంటూరులో ఒక ఇంట్లో ఒక కాగితం ఇచ్చి వెళ్ళండి. అందులో ఐదుగురి పేర్లు, గైడ్ ఫోన్ నంబరు, ఏ రాత్రి ఏ శిబిరం, అదనపు రోజులు కలుపుకుని ఏ తేదీ సాయంత్రం దాకా ఫోన్ రాకపోయినా కంగారు పడనక్కర్లేదు, ఆ సాయంత్రం దాటితే ముందు గైడ్‌కూ తరువాత ఉత్తరాఖండ్ విపత్తు దళానికీ ఫోన్ చేయాలి అన్నది స్పష్టంగా ఉండాలి. పన్నెండో తేదీన సాంక్రీ చేరాక అక్కడి సూచన ఎలా ఉందో రాయండి. పద్నాలుగు, పదిహేను, పదహారులలో ఏ రోజు ఎంచుకోవచ్చో అప్పుడు కలిసి చూద్దాము.